తప్పు జవాబులో ఏముంది?

(కొత్తగా ఉద్యోగంలో చేరిన బడి ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి. ముందు మూడు వరసలూ ఖాళీ, వెనక గోడకి ఆనుకుని మాత్రం గుంపు. రేపు మీ క్లాసులో పిల్లలు ఇలాగే కూర్చుంటే మీరేమంటారు? అదీ! రండి, రండి.

మీలో కొందరు ఇప్పటికే పాఠాలు చెబుతున్నారు, కొందరు వచ్చే వారం మొదలుపెడతారు. ఈపాటికి మీ అందరికీ ఒక అనుభవం అయ్యే ఉంటుంది. ఎవరో అడుగుతారు, ఏం చేస్తున్నారని. టీచరు ఉద్యోగం అంటారు మీరు. వెంటనే అవతలివాళ్లు "హాయైన ఉద్యోగమండీ, సెలవులు బాగా ఉంటాయి" అంటారు. అక్కడితో ఆగితే ఫరవాలేదు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, పిల్లలకి పాఠం ఎలా చెప్పాలో కూడా మీకే చెబుతారు. ఇంజినీరు దగ్గరికి వెళ్లి వంతెన ఎలా కట్టాలో ఎవరూ చెప్పరు. మనకి మాత్రం అందరూ చెబుతారు. ఎందుకంటారు?

అందరూ బడికి వెళ్లినవాళ్లే కాబట్టి. డాన్ లోర్టీ అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త 1975లో ఈ సంగతే రాశాడు. బడి చదువు ముగిసేసరికి ఒక విద్యార్థి సుమారు 13,000 గంటలు టీచర్ల ఎదుట కూర్చుని ఉంటాడని ఆయన లెక్క. పదమూడు వేల గంటలు! ఇంత దగ్గరగా, ఇంతకాలం మనం ఇంకే వృత్తినీ చూడం. అందుకే టీచరు పని తెలిసిపోయిందనిపిస్తుంది. కానీ బెంచీ మీద కూర్చున్న పిల్లవాడికి కనిపించేది ఎంత? టీచరు వచ్చింది, బోర్డు మీద రాసింది, ప్రశ్న అడిగింది, కోప్పడింది. ఆ లెక్కే ఎందుకు ఎంచుకుంది? ఆ ప్రశ్న ఆ మూలనున్న పిల్లనే ఎందుకు అడిగింది? ఇంకొకడు అల్లరి చేస్తున్నా చూసీ చూడనట్టు ఎందుకు ఊరుకుంది? ఇవేవీ బెంచీ మీంచి కనపడవు. ఆ కనపడని పని గురించే ఈ గంటసేపూ మాట్లాడుకుందాం. ఇంకో మాట. మీరు కూడా ఆ 13,000 గంటలు బెంచీ మీంచే చూసి వచ్చారు. ఇక్కడ నేర్పినవి ఎన్ని ఉన్నా, క్లాసులో తొట్రుపడ్డ క్షణంలో మీ నోట్లోంచి వచ్చేది మీ చిన్నప్పటి మాస్టారి మాటే. గమనించుకోండి.

సరే. టీచరుకి ఏం తెలిసి ఉండాలి? ఈ ప్రశ్నకి లోకం రకరకాలుగా జవాబు చెప్పింది. 1875లో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ప్రాథమిక పాఠశాల టీచర్లకి పెట్టిన పరీక్ష ఒకటి ఉంది. మొత్తం 1,000 మార్కులు. అంకగణితం, వ్యాకరణం, భూగోళం, చరిత్ర, బీజగణితం, శరీరశాస్త్రం, చేతిరాత, ఆఖరికి పాట, బొమ్మ కూడా ఉన్నాయి. మరి పాఠం ఎలా చెప్పాలన్నదానికి ఎన్ని మార్కులు? చెప్పండి చూద్దాం. మూడు వందలా? రెండు వందలా? యాభై! వెయ్యికి యాభై. విషయం వస్తే చాలు, చెప్పడం దానంతటదే వస్తుందని అప్పటివాళ్ల నమ్మకం.

వందేళ్లు తిరిగేసరికి అంతా తలకిందులైంది. 1980ల నాటికి టీచర్ల పరీక్షల్లో, మదింపుల్లో పాఠ్యప్రణాళిక తయారు చేశారా, క్లాసు అదుపులో ఉందా, పిల్లల్ని మెచ్చుకున్నారా, ఇవే ముఖ్యమైపోయాయి. చెబుతున్నది లెక్కా, చరిత్రా అన్నది లెక్కలోకే రాలేదు. 1986లో లీ షుల్మన్ అనే ఆచార్యుడు ఈ రెండు కాలాల్నీ పక్కపక్కన పెట్టి, మధ్యలో ఒకటి జారిపోయిందన్నాడు. విషయం తెలియడం ఒకటి. పిల్లల్ని, క్లాసుని నడపడం తెలియడం ఇంకొకటి. ఈ రెండూ కలిసినచోట మూడో జ్ఞానం ఒకటుంది, అది టీచరుకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు. ఈ పాఠంలో పిల్లలు ఎక్కడ ఆగుతారు, ఎందుకు ఆగుతారు, ఏ ఉదాహరణ ఇస్తే కదులుతారు, ఏ ఉదాహరణ ఇస్తే ఇంకా చిక్కులో పడతారు. గణితంలో డాక్టరేట్ ఉన్నాయనకి ఇది తెలియాల్సిన పని లేదు. రెండో తరగతి టీచరుకి తెలియకపోతే బండి నడవదు.

ఇదంతా గాల్లో చెబితే లాభం లేదు. ఒక లెక్క చేద్దాం. బోర్డు మీద రాస్తున్నాను, వెనకవాళ్లకి కనిపిస్తోందా? 52 లోంచి 38 తీసెయ్యాలి. ఒక పాప చేసింది. 26 అని రాసింది. మీ చేతికి ఆ నోట్‌బుక్ వచ్చింది. ఏం చేస్తారు?

"తప్పు పెడతాం." పెట్టండి. తర్వాత? "మళ్లీ చెయ్యమంటాం." ఆ పాప మళ్లీ చేస్తుంది. మళ్లీ 26 వస్తుంది. ఎందుకు వస్తుంది? ఒక్క నిమిషం ఆ పాపలా ఆలోచించండి. ఒకట్ల స్థానంలో పైన రెండు, కింద ఎనిమిది. ఎనిమిదిలోంచి రెండు తీస్తే ఆరు. పదుల స్థానంలో ఐదులోంచి మూడు తీస్తే రెండు. ఇరవై ఆరు. ఇందులో అజాగ్రత్త ఏమైనా ఉందా? లేదే! పద్ధతి ప్రకారం చేసింది. ఆ పద్ధతి ఎక్కడిది? మనమే నేర్పాం. మొదటి తరగతిలో "ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలి" అని మనమే చెప్పాం. ఆ పాప ఆ మాట అక్షరాలా పాటిస్తోంది. మన మాట వినలేదని కోప్పడుతున్నాం గానీ, విన్నందుకే ఈ జవాబు వచ్చింది.

1978లో బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల తీసివేత లెక్కల్లో తప్పుల్ని వరసపెట్టి పరిశీలించారు. చాలా తప్పులు గుడ్డిగా పడేవి కావనీ, వాటి వెనక ఒక క్రమం ఉంటుందనీ తేల్చారు. ఆ క్రమం పట్టుకుంటే, ఆ పిల్ల చెయ్యబోయే తర్వాతి లెక్కకి తప్పు జవాబు ఏమొస్తుందో కూడా మనం ముందే చెప్పేయొచ్చు. టీచర్లకి ఆ కన్ను అలవాటు కావాలని వాళ్లు కంప్యూటర్ మీద ఒక ఆట కూడా తయారు చేశారు. కంప్యూటర్ ఒక పిల్లవాడిలా తప్పులు చేస్తుంది, అందులో ఏ సూత్రం దాగుందో మనం కనిపెట్టాలి. అప్పటి కాలానికి భలే ఆట.

మరి మన పాపకి తర్వాత ఏ లెక్క ఇస్తారు? 45 లోంచి 23 ఇస్తే? 22 అని రాస్తుంది. రైటు! మీరు సంతోషిస్తారు, పాప సంతోషిస్తుంది, సమస్య ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆ లెక్కలో అప్పు తెచ్చుకోవాల్సిన అవసరమే లేదు కాబట్టి తప్పు బయటపడదు. 60 లోంచి 27 ఇవ్వండి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసే పిల్లయితే 47 రాస్తుంది. సున్నాలోంచి ఏం తీసినా సున్నాయే అనుకునే పిల్లయితే 40 రాస్తుంది. ఒకే లెక్క, రెండు తప్పులు, రెండు కారణాలు. ఒకరికి పుల్లల కట్టలు విప్పి పదిని ఒకట్లుగా మార్చి చూపించాలి. ఇంకొకరికి సున్నా అంటే ఏమిటో మళ్లీ మాట్లాడాలి. 52లోంచి 38 చక్కగా చేసినవాళ్లు కూడా 304లోంచి 126 దగ్గర బోర్లా పడొచ్చు, మధ్యలో ఆ సున్నా దాటి అప్పు తేవాలి కాబట్టి. ఏ అంకెలు ఎంచుకోవాలో తెలియడం, అదే నేను చెప్పే జ్ఞానం. పాఠ్యపుస్తకం చివర అభ్యాసంలో లెక్కలు ఉంటాయి కదా, అవి ఆ వరసలోనే ఎందుకున్నాయో ఎప్పుడైనా చూశారా? చూడండి. కొన్నిసార్లు వరస గొప్పగా ఉంటుంది. కొన్నిసార్లు ఎవరో అంకెలు మార్చి పేజీ నింపారని తెలిసిపోతుంది.

ఇంకోటి చెప్పి ఈ లెక్కలు ఆపేస్తాను, తెలుగు టీచర్లు అప్పుడే కిటికీలోంచి చూస్తున్నారు. 0.65 పెద్దదా, 0.7 పెద్దదా? చాలామంది పిల్లలు 0.65 పెద్దదంటారు. అరవై ఐదు కన్నా ఏడు చిన్నదే కదా! "సున్నా పాయింట్ అరవై ఐదు" అని మనం చదివితే వాళ్లు అలాగే అనుకుంటారు. "పాయింట్ ఆరు ఐదు" అని చదవండి. ఇక్కడొక మెలిక ఉంది. 0.7 పెద్దదని సరిగ్గా చెప్పిన పిల్లల్లో కొందరు ఏమనుకుంటారంటే, "దశాంశాల్లో పొట్టిగా ఉన్నదే పెద్దది" అని. పదో వంతు నూరో వంతు కన్నా పెద్దదని విన్నారు, అక్కణ్ణుంచి సొంతంగా ఈ సూత్రం కట్టుకున్నారు. జవాబు రైటు, ఆలోచన తప్పు. వీళ్లని ఎలా పట్టుకుంటారు? 0.3, 0.45 ఇవ్వండి. "పొట్టిదే పెద్దది" అనేవాళ్లు 0.3 అంటారు, దొరికిపోతారు. కానీ ఇదే జత ఇస్తే "నలభై ఐదు పెద్దది" అనుకునేవాళ్లు తప్పుడు కారణంతో రైటు చెప్పి తప్పించుకుంటారు. అందుకని రెండు జతలూ ఇవ్వాలి. పదికి పది మార్కులు వచ్చిన పేపర్లో కూడా తప్పు దాక్కుని ఉండొచ్చని తెలుసుకున్నాక, నేను పేపర్లు దిద్దే తీరే మారిపోయింది.

మీకు కూడా ఒక లెక్క ఇస్తాను. పిల్లల సంగతి సరే, మన సంగతి చూద్దాం. ఒకటి ముప్పావుని అరతో భాగించండి. 1¾ ÷ ½. ఆఁ, మూడున్నర. గట్టిగా చెప్పారు, బాగుంది. ఇప్పుడు ఈ లెక్కకి ఒక కథ చెప్పండి. నిజజీవితంలో ఎక్కడ వస్తుంది ఈ లెక్క?

"ఒకటి ముప్పావు మీటర్ల గుడ్డని ఇద్దరికి సమానంగా పంచడం." అది రెండుతో భాగించడమండీ. "అందులో సగం తీసుకోవడం." అది అరతో గుణించడం. జవాబు ముప్పావు, ఇంకాస్త, అంటే ఒకటి కన్నా తక్కువ వస్తుంది. మనకి రావాల్సింది మూడున్నర. సిగ్గుపడకండి, ఇది చాలామందికి వచ్చే ఇబ్బందే. లిపింగ్ మా అనే పరిశోధకురాలు 1999లో అచ్చయిన అధ్యయనంలో సరిగ్గా ఈ లెక్కే అమెరికాలోనూ చైనాలోనూ టీచర్లని అడిగింది. అమెరికాలో 23 మందిని అడిగితే సగం మందికి పైగా లెక్కే పూర్తిగా చెయ్యలేకపోయారు. సరైన కథ చెప్పింది ఒక్కరు. చైనాలో 72 మందీ లెక్క చేశారు, పదింట తొమ్మిది వంతుల మంది కథ కూడా చెప్పారు. దీంట్లో విచిత్రం ఏమిటంటే, కాలేజీ చదువులు ఎక్కువ చదివింది అమెరికా టీచర్లే. చైనా ప్రాథమిక టీచర్లు తొమ్మిదో తరగతి అయ్యాక రెండు మూడేళ్ల శిక్షణ పొందినవాళ్లు. ఏం తెలుసు వాళ్లకి అదనంగా? చిన్న లెక్కని లోతుగా తెలుసు.

ఆ కథ ఏమిటంటారా? ఒకటి ముప్పావు మీటర్ల రిబ్బను ఉంది. అర మీటరు ముక్కలు కత్తిరిస్తే ఎన్ని వస్తాయి? మూడు ముక్కలు, ఇంకో సగం ముక్క. మూడున్నర. ఇప్పుడు మీ క్లాసులో ఒక బుద్ధిమంతుడు లేచి, "భాగిస్తే తగ్గాలి కదా సార్, పెరిగిందేమిటి?" అంటాడు. ఆ ప్రశ్న వచ్చిందంటే మీ పాఠం బాగా జరిగినట్టే. "తలకిందులు చేసి గుణించు, అంతే" అన్నారో, వాడు ఇంకెప్పుడూ లేవడు.

ఇది లెక్కలకే అనుకోకండి. సైన్సు టీచర్లకి తెలుసు, మొక్క తిండి ఎక్కణ్ణుంచి వస్తుందంటే పిల్లలు మట్టిలోంచి అంటారు. కిరణజన్య సంయోగక్రియ సమీకరణం అప్పజెప్పినవాళ్లు కూడా, ఇంత పెద్ద చెట్టు బరువు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగ్గానే మట్టే అంటారు. పరీక్షకి ఒక సమాధానం, లోపల ఒక సమాధానం. వాన్ హెల్మాంట్ అనే ఆయన ఒక కుండీలో విల్లో మొక్క నాటి ఐదేళ్లు నీళ్లు పోశాడు. ఆయన చనిపోయాక 1648లో అచ్చయింది ఆ సంగతి. చెట్టు 164 పౌండ్లు పెరిగింది, మట్టి తగ్గింది రెండు ఔన్సులు. ఈ రెండంకెలూ బోర్డు మీద రాసి ఊరికే నిలబడండి, క్లాసు మీ చేతుల్లో ఉంటుంది. కొసమెరుపు ఏమిటంటే, ఆయన కూడా చెట్టంతా నీళ్లే అని తేల్చాడు. గాలి సంగతి ఆయనకీ తట్టలేదు. మీ క్లాసులో "అయితే నీళ్లే!" అని అరిచే పిల్ల ఆ శాస్త్రవేత్త పక్కన నిలబడి ఉందన్నమాట. ఆ మాట ఆ పిల్లతో చెప్పండి.

ఇంతవరకూ చెప్పింది తాపీగా కూర్చుని ఆలోచించే జ్ఞానం. కానీ క్లాసులో తాపీ ఎక్కడిది? ఫిలిప్ జాక్సన్ అనే ఆయన ప్రాథమిక పాఠశాల తరగతుల్లో కూర్చుని పరిశీలించి 1968లో రాశాడు, టీచరు రోజుకి వెయ్యిసార్లు దాకా పిల్లలతో ఏదో ఒక మాటో చూపో సైగో ఇచ్చిపుచ్చుకుంటుందని. వెయ్యి! ఒకరు పెన్సిల్ చెక్కుకోవాలంటారు, ఒకరు బయటికెళ్లాలంటారు, ఒకరు జవాబు చెబుతున్నారు, ఇద్దరు తన్నుకుంటున్నారు. ఒక్కోదానికి ఒక్కో నిర్ణయం, అదీ అప్పటికప్పుడు. సాయంత్రానికి ఒళ్లు అలిసిపోయిందంటే నిలబడినందుకు అనుకుంటారు చాలామంది. నిలబడినందుకు కాదండీ.

జేకబ్ కౌనిన్ అని ఇంకొకాయన, క్లాసుని బాగా నడిపే టీచర్లకీ నడపలేని టీచర్లకీ తేడా ఏమిటో చూద్దామని వీడియోలు తీసి పరిశీలించాడు. 1970లో పుస్తకం వేశాడు. అల్లరి జరిగాక ఎలా శిక్షిస్తారు అన్నదాంట్లో తేడా ఉంటుందనుకున్నాడు. అక్కడ చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనపడలేదు. తేడా అంతా ముందే ఉంది. మంచి టీచరుకి క్లాసంతా ఒకేసారి కనపడుతుంది. బోర్డు వైపు తిరిగి రాస్తున్నా మూడో బెంచీలో ఏం జరుగుతోందో తెలుసు, తెలుసని పిల్లలకీ తెలుసు. ఇంకా, ఒక పని ముగించి ఇంకో పనిలోకి వెళ్లేటప్పుడు ఖాళీ రానివ్వదు. "పుస్తకాలు తియ్యండి" అని చెప్పాక మనం చాక్‌పీసు వెతుక్కుంటూ గడిపే ఆ అర నిమిషం ఉందే, అల్లరి పుట్టేది అక్కడే.

ఇదే క్లాసులో ఇంకో విషయం, అన్నిటికన్నా సులువుగా కనిపించి అన్నిటికన్నా కష్టమైనది. ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతారు? మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్సు తరగతుల్ని టేపు చేసి కొలిచింది. సగటున ఒక్క సెకను. ఆ ఒక్క సెకనులో జవాబు రాకపోతే టీచరు ఇంకొకర్ని అడగడమో, తనే చెప్పేయడమో. దాన్ని మూడు సెకన్లకి పెంచమంది. పెంచిన క్లాసుల్లో జవాబులు పొడుగయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, మామూలుగా నోరు మెదపని పిల్లలు మాట్లాడారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేశారు. మూడు సెకన్లే కదా అనుకుంటున్నారా? ఇప్పుడు నేను ఒక ప్రశ్న అడిగి మూడు సెకన్లు ఆగుతాను. ఈ గదిలో చదువంటే ఇష్టం లేని రోజులు ఎంతమంది చూశారు?

చూశారా? ఎంత పొడుగ్గా ఉందో! ఇద్దరు దగ్గారు, ఒకాయన నేను మాట మర్చిపోయాననుకుని మైకు వైపు చూశారు. మౌనం మనకే భయం, పిల్లలకి కాదు. ఆవిడ గమనించిన ఇంకో సంగతి కాస్త బాధ పెడుతుంది. చురుకైనవాళ్లని అనుకున్న పిల్లల కోసం టీచర్లు ఎక్కువసేపు ఆగారు, వెనకబడ్డారనుకున్న పిల్లల కోసం తక్కువసేపు ఆగారు. ఎవరికి ఎక్కువ సమయం కావాలో వాళ్లకి తక్కువ దొరికిందన్నమాట. కావాలని ఎవరూ చెయ్యరు. ఆ పిల్ల ఇబ్బంది పడుతోందని జాలిపడే మనం త్వరగా దాటేస్తాం.

ఇక రెండో భాగానికి వద్దాం. మీ నియామక పత్రంలో ఏముందో నాకు తెలియదు గానీ, మీరు చెయ్యబోయే పనులు అందులో సగం కూడా ఉండవు. హాజరు వేస్తారు. దెబ్బ తగిలితే కట్టు కడతారు. తగాదా తీరుస్తారు. పోయిన రబ్బరు వెతుకుతారు. నాటకానికి కిరీటాలు కత్తిరిస్తారు. పరీక్షకి కాపలా కాస్తారు. తల్లిదండ్రులతో మాట్లాడతారు. ఫారాలు నింపుతారు, నింపిన ఫారాలే మళ్లీ నింపుతారు. "మేం పాఠాలు చెప్పడానికి వచ్చామా, వీటికి వచ్చామా?" అని మీలో చాలామంది ఇప్పటికే అనుకుని ఉంటారు. నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. ఈ పనులన్నీ ఒక గాటన కట్టకండి. కొన్ని పనులు పిల్లల గురించి మనకి తెలియజెబుతాయి. కొన్ని పనులు మన టైము మింగుతాయి, అంతే. మొదటివాటి మీద విసుక్కోకండి. రెండోవాటి మీద మాత్రం నిక్షేపంగా పోట్లాడండి.

హాజరు పట్టీ తీసుకోండి. పేర్లు పిలిచి గుర్తులు పెట్టే పని అనుకుంటే అది గుమాస్తా పని. కానీ నెల తిరిగాక ఆ పేజీని అడ్డంగా చదవండి. ఒకడు ప్రతి సోమవారం రాడు. ఒకమ్మాయి లెక్కల పరీక్ష ఉన్న రోజల్లా కడుపు నొప్పంటుంది. అన్నదమ్ములిద్దరు ఒకే రోజున ఎప్పుడూ రారు, ఒకరు మార్చి ఒకరు వస్తారు. ఇవన్నీ ఆ పట్టీలోనే ఉన్నాయి, ఎవరూ చదవక అలా పడి ఉన్నాయి. ఆట స్థలంలో నిలబడే డ్యూటీ కూడా అంతే. ఎవరు ఒంటరిగా తిరుగుతున్నారు, నిన్నటిదాకా జంటగా తిరిగినవాళ్లు ఇవాళ ఎందుకు విడిపోయారు, అక్కడ కనిపిస్తుంది. క్లాసులో కనపడదు, అక్కడ మీరే కూర్చోబెట్టారు కాబట్టి.

ఒక పిల్లవాడు బోర్డు మీద ఉన్నది రాసుకునేటప్పుడు ఎప్పుడూ పక్కవాడి నోట్‌బుక్‌లోకి చూస్తున్నాడు. కాపీ కొడుతున్నాడని రెండు వారాలు కోప్పడొచ్చు. కానీ చూడండి, లెక్క చేసేటప్పుడు చూడడు, జవాబు రాసేటప్పుడు చూడడు, బోర్డు మీంచి ఎక్కించుకునేటప్పుడే చూస్తాడు. వాడికి బోర్డు కనిపించడం లేదు! ముందు బెంచీలో కూర్చోబెట్టి చూడండి, పక్కచూపులు ఆగితే ఇంట్లోవాళ్లకి చెప్పి కంటి పరీక్ష చేయించమనండి. అలాగే ఇంకొకడు, పిలిస్తే ఒక్కోసారి పలుకుతాడు, ఒక్కోసారి పలకడు. పొగరనుకుంటాం. ఒక చెవి సరిగ్గా వినపడదేమో, మీరు ఏ వైపు నిలబడి పిలిచినప్పుడు పలకడం లేదో చూడండి. కళ్లజోడు మనం ఇవ్వలేం, చెవికి వైద్యం మనం చెయ్యలేం. కానీ మొదట చూసేది మనమే. ఒకే వయసు పిల్లల్ని ఇంతమందిని పక్కపక్కన రోజూ చూసేవాళ్లు ఇంకెవరున్నారు? ఇంట్లోవాళ్లకి పోల్చుకోవడానికి ఒకరో ఇద్దరో ఉంటారు, మనకి క్లాసంతా ఉంది.

ఇక్కడే ఒక హద్దు కూడా గట్టిగా చెప్పాలి. ఏదో ఒక రోజు ఒక పిల్లో పిల్లవాడో మీ దగ్గరికొచ్చి, "ఒక మాట చెబుతాను, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి టీచర్" అంటారు. ఒట్టెయ్యకండి. ప్రేమకొద్దీ, జాలికొద్దీ వెయ్యాలనిపిస్తుంది, వెయ్యకండి. ఆ పిల్లని ఎవరైనా హింసిస్తున్నారనుకోండి, మీరు చెప్పక తప్పదు. అప్పుడు మాట తప్పిన ఇంకో పెద్ద మనిషి అవుతారు. "నువ్వు చెప్పు, నేను వింటాను. నీకు ప్రమాదం అనిపిస్తే మాత్రం సాయం చెయ్యగలవాళ్లకి చెబుతాను, ఎవరికి చెబుతానో ముందు నీతో అంటాను" అనండి. గుచ్చిగుచ్చి అడక్కండి. ఆ పిల్ల వాడిన మాటల్నే, మీ సొంత కవిత్వం కలపకుండా, అదే రోజు రాసిపెట్టండి. బడిలో ఆ బాధ్యత ఎవరిదో వాళ్లకి అదే రోజు చెప్పండి. విచారణ మన పని కాదు. వినడం, రాయడం, అందించడం వరకే మన పని. అంతే అనిపిస్తుంది గానీ అక్కడ జరిగే పొరపాటు ఖరీదు చాలా ఎక్కువ.

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు కూడా ఇందాకటి 52, 38 గుర్తు తెచ్చుకోండి. "మీవాడు లెక్కల్లో వీకండీ" అంటే వాళ్లేం చెయ్యగలరు? ఇంటికెళ్లి వాణ్ణి తిట్టగలరు. "కూడికలు చక్కగా చేస్తున్నాడు. తీసివేతలో పదుల్లోంచి అప్పు తెచ్చుకునే చోట ఆగుతున్నాడు, వచ్చే రెండు వారాలు దాని మీదే పని చేస్తాం" అనండి. వాళ్ల మొహం చూడండి అప్పుడు. వీళ్లకి మా పిల్లవాడు తెలుసు అనిపిస్తుంది. ఆ తర్వాత మీరేం చెప్పినా వింటారు.

ఇక మింగేసే పనుల సంగతి. ఒకే సమాచారాన్ని నాలుగు ఫారాల్లో నాలుగు రకాలుగా రాయడంలో పిల్లల గురించి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. దీని గురించి మాట్లాడితే బద్ధకస్తులంటారేమోనని భయపడతాం. భయపడక్కర్లేదు. 1966 అక్టోబరు 5న ప్యారిస్‌లో ఉపాధ్యాయుల హోదా గురించి యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి తెచ్చిన సిఫార్సు ఒకటుంది. 1994 నుంచి ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం అక్టోబరు 5న జరిపేది అందుకే. పూలగుత్తులు ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, ఆ సిఫార్సు చదివినవాళ్లు తక్కువ. బోధన ఒక వృత్తి అని, దానికి నిపుణ జ్ఞానం కావాలని, అది కఠినమైన, నిరంతరమైన అధ్యయనంతో వస్తుందని అందులో ఉంది. టీచర్లు తమ వృత్తి పని మీద మనసు పెట్టాలంటే బోధనేతర పనులకి బళ్లలో వేరే సిబ్బంది ఉండాలని కూడా ఉంది. 1966లోనే! అందుకని, "మాకు పని ఎక్కువైంది" అని అడక్కండి. "ఈ పని వల్ల పిల్లల గురించి ఏం తెలుస్తుంది?" అని అడగండి. జవాబు ఉంటే చెయ్యండి.

ఇంకొక్క విషయం చెప్పి ప్రశ్నల్లోకి వెళదాం. ఈ జ్ఞానం ఎక్కడ ఉంటుంది? ముప్పై ఏళ్లు మూడో తరగతికి చెప్పిన టీచరు బుర్రలో ఉంటుంది. ఆవిడ పదవీ విరమణ రోజున శాలువా కప్పి పంపిస్తాం, అదంతా ఆవిడతోపాటు ఇంటికి వెళ్లిపోతుంది. మన స్టాఫ్ రూముల్లో జీతాలు, బదిలీలు మాట్లాడుకుంటాం, "నీ క్లాసులో 0.65 పెద్దదన్నవాళ్లు ఎంతమంది?" అని మాట్లాడుకోం. జపాన్‌లో టీచర్లకి ఒక అలవాటు ఉంది, వంద ఏళ్ల పైబడిన అలవాటు. కొందరు కలిసి ఒకే ఒక పాఠం తయారు చేస్తారు, వారాల తరబడి. ఏ ప్రశ్న అడిగితే పిల్లలు ఏయే జవాబులు చెబుతారో ముందే ఊహించి రాసుకుంటారు, తప్పు జవాబులతో సహా. ఒకరు పాఠం చెబుతారు. మిగతావాళ్లు గదిలో నిలబడి చూస్తారు. ఎవర్ని చూస్తారు? టీచర్ని కాదు, పిల్లల్ని. ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకుంటారు, ఫలానా పిల్ల ఇక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని. మన దగ్గర ఇంకొకరి క్లాసులోకి వెళ్లేది తనిఖీకే. అందుకే తలుపు దగ్గర ఎవరైనా కనిపిస్తే గొంతు మారిపోతుంది. మీరు కొత్తవాళ్లు, మీకింకా ఆ భయం పాతుకుపోలేదు. పక్క క్లాసు టీచర్ని పిలవండి. "నన్ను చూడొద్దు, ఆ కిటికీ పక్క నలుగురు ఏం రాస్తున్నారో చూసి పెట్టండి" అనండి. వాళ్లు వస్తారు. రాకపోతే మీరు వెళ్లండి.

సరే, అడగండి. ఆ మూల చెయ్యెత్తినావిడ... ఆఁ, మీరే.

"సార్, మీరు చెప్పింది బాగానే ఉంది. నా క్లాసులో అరవై మంది. అరవై మంది తప్పులు నేనెప్పుడు చదవాలి?"

ఈ ప్రశ్న రాకపోతే ఆశ్చర్యపోయేవాణ్ణి. అరవై నోట్‌బుక్కులు ఇంటికి మోసుకెళ్లకండి. పాఠం ముగిసే ముందు ఐదు నిమిషాలు మిగుల్చుకోండి. ఒక చిన్న కాగితం ముక్క మీద ఒకే ఒక లెక్క, లేదా ఒకే ఒక ప్రశ్న. అంకెలు మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి, ఇందాక చెప్పుకున్నట్టు. పేరు రాయించి, వెళ్లేటప్పుడు మీ చేతికిచ్చి వెళ్లమనండి. మార్కులు వెయ్యకండి, ఎర్ర పెన్ను తియ్యకండి. కాగితాలు మూడు దొంతరలు పెట్టండి. రైటు రాసినవాళ్లు ఒకటి. ఒకే తప్పు రాసినవాళ్లంతా ఒకటి, అది ఎప్పుడూ ఉంటుంది, పెద్దగానే ఉంటుంది. ఏం రాశారో మీకు అంతుపట్టనివాళ్లు ఒకటి. అలవాటైతే పది నిమిషాల పని. మర్నాటి పాఠం రెండో దొంతరతో మొదలుపెట్టండి, పేర్లు చెప్పకుండా, "నిన్న కొందరు ఇలా చేశారు, ఎలా ఆలోచించి ఉంటారు?" అని క్లాసునే అడగండి. మూడో దొంతరలో నలుగురో ఐదుగురో ఉంటారు. వాళ్లని రోజుకొకర్ని, మిగతావాళ్లు లెక్కలు చేసుకుంటున్నప్పుడు మీ కుర్చీ దగ్గరికి పిలిచి, ఎలా చేశావో చెప్పు అనండి. అంతేనండీ, అరవై మందికి కాదు, రోజుకి ఒక్కరికి.

తర్వాత ఎవరు? ఆ వెనకాయన మైకు అందుకోండి. ఇక్కడితో రికార్డింగు ఆపేయండి బాబూ, వాళ్లు మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి.